పాత నాణేలను ఇంట్లో శుభ్రం చేయడం: ఏది తీయాలి, ఏది వదిలేయాలి

చింతపండుతో తోమితే పాత రాగి నాణెం తళతళలాడుతుంది కదా, తోమవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. తోమకూడదు. బిందెకూ నాణేనికీ తేడా ఉంది. బిందె మీద నుంచి పులుపు కాస్త రాగిని తినేసినా నష్టం లేదు. నాణెం విలువంతా పైనున్న ఆ పలుచని పొరలోనే ఉంటుంది. అక్షరాల అంచులు, రాజు తల మీద వెంట్రుకల గీతలు, టంకశాల గుర్తు అన్నీ అందులోనివే.

ఈ పని మొత్తానికి ఒకటే సూత్రం. బయటి నుంచి వచ్చి నాణేనికి అంటుకున్నది తీయవచ్చు: మట్టి, జిడ్డు, పసుపు, జిగురు, మైనం. నాణెం లోహమే గాలితో కలిసి మారి ఏర్పడినదాన్ని తీయకూడదు: రాగి మీద గోధుమ రంగు, వెండి మీద నలుపు, గట్టిగా అతుక్కున్న ముదురాకుపచ్చ పొర. సేకర్తలు ప్యాటినా, టోనింగ్ అనేది ఈ రెండో రకాన్నే. అది నాణేనికి రక్షణ కూడా. దీనికి ఉన్న ఒకటి రెండు మినహాయింపులను ఆయా చోట్ల చెప్పాం.

1. కడగాలా వద్దా: ముందు ఇది తేల్చుకోండి

ఎక్కువ నాణేలకు శుభ్రం చేయడం అక్కరే లేదు. రంగు మారినంత మాత్రాన మురికిగా ఉన్నట్టు కాదు. కింది వాటిలో ఏ ఒక్కటి వర్తించినా నాణేన్ని అలాగే వదిలేయండి.

- అరుదైన సంవత్సరం, అరుదైన టంకశాల అని అనుమానం ఉంది.
- నాణెం వాడకంలోకి రాలేదు, టంకశాల మెరుపు ఇంకా కనిపిస్తోంది.
- అమ్మాలనో, గ్రేడింగ్‌కు (నాణెం స్థితిని నిపుణులు అంచనా వేసే చోటికి) పంపాలనో అనుకుంటున్నారు. తోమిన గుర్తులు కనబడితే గ్రేడింగ్ సంస్థలు మామూలు గ్రేడు ఇవ్వవు, ‘శుభ్రం చేసినది’ అని రాసేస్తాయి.
- బంగారు వరహా, మాడ వంటి పాత బంగారం.
- సీసపు నాణెం. శాతవాహనుల, ఇక్ష్వాకుల నాణేల్లో సీసానివి చాలా ఉన్నాయి. సీసాన్ని ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు. కారణం రెండో భాగంలో ఉంది.

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికిన నాణేల సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. వాటికి అంటుకున్న మట్టి కూడా పురావస్తు శాఖ వారికి ఆధారమే. కడగకండి, విడదీయకండి. ఏ కుండలో దొరికితే ఆ కుండతో సహా అలాగే ఉంచండి.

మరి ఏవి కడగవచ్చు? తాతల పెట్టెలో దొరికిన మామూలు పావు అణాలు, చిల్లు కానీలు, నయా పైసలు, అరిగిన వెండి రూపాయలు, పూజ గదిలో పసుపు పట్టినవి, ఆల్బమ్‌లో జిగురు అంటినవి. ఈ వ్యాసం వాటి కోసమే.

2. లోహం ఏదో గుర్తుపట్టండి

ఒక లోహానికి మందు అయినది మరో లోహానికి విషం అవుతుంది. అందుకే ఈ అడుగు దాటేయకండి. ఒక మామూలు అయస్కాంతం, 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం చాలు.

రాగి, కంచు. 1835 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ పావు అణా రాగిది. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కానీ, 1957లో వచ్చిన నయా పైసా కంచువి. అన్నిటికంటే సులువుగా పాడయ్యేవి ఇవే. పులుపు తగిలితే నిమిషంలో గులాబీ రంగుకు తిరుగుతాయి.

వెండి. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. యుద్ధకాలంలో, 1940 నుంచి 1945 మధ్య వచ్చిన రూపాయల్లో వెండి సగమే, మిగతా సగంలో ఎక్కువ భాగం రాగి. అందుకే ఇవి మరకలు మరకలుగా రంగు మారతాయి. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. వెండి అయస్కాంతానికి అతుక్కోదు. విక్టోరియా రూపాయి అతుక్కుంటే అది నకిలీ, దాని మీద శ్రమ పెట్టనక్కర్లేదు.

నికెల్. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి, 1946-47 అర్ధ రూపాయి, పావలా నికెల్‌వి. అయస్కాంతానికి చక్కగా అతుక్కుంటాయి. గట్టి లోహం, సబ్బు నీళ్లు చాలు.

రాగి-నికెల్, ఇత్తడి రకం మిశ్రమాలు. దశాంశ పద్ధతి మొదలైనప్పటి 2, 5, 10 నయా పైసలు రాగి-నికెల్. 1968-71 నాటి పసుపు రంగు 20 పైసలు ఇత్తడి తరహావి. రాగికి పాటించే జాగ్రత్తలే వీటికీ పాటించండి.

అల్యూమినియం. ఆరు పలకల 3 పైసలు, అంచు వంకీలు తిరిగిన 10 పైసలు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. పులుపూ సోడా రెండూ దీన్ని తింటాయి. సబ్బు నీళ్లు, అసిటోన్ తప్ప మరేమీ వాడకూడదు. తెల్లటి పొడి పట్టి గుంటలు పడితే బాగుచేసే దారి లేదు.

సీసం. మెత్తగా, బూడిద రంగులో, చిన్న నాణేనికి కూడా చాలా బరువుగా ఉంటుంది. మీద తెల్లటి పొడి ఉంటే అది విషం. స్వచ్ఛమైన డిస్టిల్డ్ నీరు కూడా సీసాన్ని కరిగిస్తుంది కాబట్టి నానబెట్టే పద్ధతి దీనికి పనికిరాదు. గ్లౌజులతో తీసి, మూత గట్టిగా ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలో పెట్టండి. చెక్క బీరువాలో వద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని పొడి చేస్తుంది.

3. సరంజామా

- డిస్టిల్డ్ వాటర్, 5 లీటర్ల క్యాన్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే. సీసా మీద రాసింది చదివి కొనండి, పక్కనే అమ్మే బ్యాటరీ యాసిడ్ పొరపాటున కూడా ఇంటికి రాకూడదు.
- అసిటోన్, 500 మి.లీ. ప్రయోగశాల సామగ్రి దుకాణంలో స్వచ్ఛమైనది దొరుకుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వద్దు, అందులోని నూనె, రంగు, సువాసన నాణెం మీదే మిగిలిపోతాయి.
- లిక్విడ్ పారాఫిన్, 100 మి.లీ. మందుల షాపులో అడగండి.
- గిన్నెలు తోమే ద్రవం లేదా పసిపిల్లల షాంపూ, కొన్ని చుక్కలు.
- మూత ఉన్న చిన్న గాజు సీసాలు నాలుగు. ఖాళీ జామ్ సీసాలు సరిపోతాయి, మూత లోపల రబ్బరు ఉంటే తీసేయండి.
- దూది పుల్లలు, వెదురు టూత్‌పిక్‌లు, నల్లతుమ్మ ముళ్లు. ముల్లు మొన పదునుగా ఉన్నా లోహం కంటే మెత్తన, అందుకే సూది కంటే మంచిది.
- బొమ్మలు గీసే మెత్తని బ్రష్.
- ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల నూలు గుడ్డ.
- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం.
- నైట్రైల్ గ్లౌజులు. లేటెక్స్ రబ్బరువి వద్దు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

కుళాయి నీళ్లతో ఎందుకు కడగకూడదంటే, మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో సున్నం ఉంటాయి. క్లోరైడ్లు రాగికి శత్రువులు. సున్నం ఆరాక తెల్ల మచ్చగా మిగులుతుంది. మట్టి వదిలించే మొదటి కడుగుకు కుళాయి నీళ్లు వాడినా, చివరి రెండు కడుగులు మాత్రం డిస్టిల్డ్ నీటితోనే.

మొదలుపెట్టే ముందు:

- ప్రతి నాణేనికీ రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీశారా?
- బరువు రాసుకున్నారా?
- ఏ లోహానికి ఆ లోహం వేరు గిన్నె పెట్టారా? రాగి, అల్యూమినియం ఒకే తడిలో తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది.
- అదే లోహపు పనికిరాని నాణెం మీద ముందు ప్రయత్నించారా?
- పని చేసే బల్ల మీద మందమైన గుడ్డ పరిచారా? చేయి జారితే అంచు దెబ్బతినకుండా ఉండేది దానివల్లే.

4. అసలు పని, వరుస క్రమంలో

వరుస మార్చకండి. తేలికైన పద్ధతితో మొదలుపెట్టి, దానితో పని జరగకపోతేనే తర్వాతదానికి వెళ్లాలి. ఏ అడుగు దగ్గర నాణెం చదవగలిగే స్థితికి వస్తే అక్కడే ఆపేయండి. ఇంకొంచెం మెరిపిద్దామన్న ఆశతోనే ఎక్కువ నాణేలు పాడవుతున్నాయి.

అడుగు 1: పొడిగా చూడటం. నాణేన్ని అంచు పట్టుకుని భూతద్దంతో చూడండి. ముఖం మీద వేలు పెట్టకండి, వేలి చెమట రాగి మీద కొన్ని వారాల్లో నల్లటి ముద్రగా తేలుతుంది. వదులుగా ఉన్న దుమ్మును మెత్తని బ్రష్‌తో ఊడ్చండి. మట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి, గుడ్డతో రుద్దితే అవే గీతలు పెడతాయి.

అడుగు 2: నానబెట్టడం. గాజు సీసాలో ఒక్కో నాణేన్ని విడిగా, పూర్తిగా మునిగేలా డిస్టిల్డ్ నీటిలో వేయండి. గది వేడి చాలు. 24 గంటల తర్వాత నీళ్లు మార్చండి. నీళ్లలో రంగు, అడుగున మట్టి చేరుతున్నంత కాలం రోజూ మారుస్తూ వెళ్లండి. ఇంట్లో ఉన్న నాణేనికి ఒకటి రెండు రోజులు, మట్టి గట్టిపడిన దానికి వారం పైన పడుతుంది. ఈ ఒక్క అడుగుతోనే చాలా నాణేల పని అయిపోతుంది.

అడుగు 3: సబ్బు నీళ్లు. 250 మి.లీ. గోరువెచ్చని డిస్టిల్డ్ నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు. పదిహేను నిమిషాలు ఉంచి, నీళ్లలోనే నాణేన్ని అంచు పట్టుకుని అటూ ఇటూ కదపండి. అక్షరాల మధ్య మకిలి ఉంటే తడి దూది పుల్లను నాణెం మీద దొర్లించండి. రుద్దడం కాదు, దొర్లించడం. దొర్లిస్తే మురికి దూదిలోకి ఎక్కుతుంది, రుద్దితే అదే మురికి నాణేన్ని గీస్తుంది. ఒక్కో చోటికి కొత్త పుల్ల తీసుకోండి. తర్వాత డిస్టిల్డ్ నీటిలో రెండుసార్లు ముంచి తీయండి. చేతులు కడిగే సింకు మీద ఈ పని పెట్టుకోకండి, నాణెం జారి గొట్టంలో పడటం తరచూ జరిగేదే.

అడుగు 4: అసిటోన్. జిడ్డు, సెల్లో టేపు జిగురు, ప్లాస్టిక్ కవర్ల నుంచి అంటిన ఆకుపచ్చ జిగట ఇవన్నీ అసిటోన్‌లో కరుగుతాయి. లోహాన్ని అది ఏమీ చేయదు. రసాయనాల్లో ఇంటి వాడకానికి మేం ధైర్యంగా చెప్పేది ఇదొక్కటే.

రెండు గాజు సీసాల్లో ఒక్కోదానిలో 30 నుంచి 50 మి.లీ. పోయండి. బాగా ఆరిన నాణేన్ని మొదటి సీసాలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి, మొండి జిగురైతే గంట. తర్వాత రెండో సీసాలో ఒక నిమిషం. రెండో సీసా ఎందుకంటే, మొదటి దానిలో కరిగిన జిడ్డు నాణెంతోపాటు బయటికి వచ్చి ఆరితే మళ్లీ పొరగా మిగులుతుంది.

వానాకాలంలో ఒక చిక్కు ఉంది. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు నాణెం చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద చెమ్మగా చేరుతుంది. కాబట్టి తేమ తక్కువ ఉన్న రోజు చూసుకోండి, లేదా సీసాలన్నిటికీ మూత బిగించి వేరే చోటికి తీసేశాక నాణేన్ని టేబుల్ లైటు వెచ్చదనానికి పెట్టండి.

అసిటోన్ జాగ్రత్తలు:

- దీపం, పొయ్యి, అగరుబత్తి ఉన్న గదిలో సీసా తెరవకండి. ఆవిరి నేల బారున పాకి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది.
- కిటికీలు తెరవండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.
- ప్లాస్టిక్ గిన్నె వద్దు, కరిగి నాణేనికి అంటుకుంటుంది. పాలిష్ చేసిన బల్ల మీద కూడా వద్దు.
- వాడేసినదాన్ని సింకులో పోయకండి. మంట, మనుషులు లేని ఆరుబయట చోట వెడల్పు గాజు పళ్లెంలో ఆవిరైపోనివ్వండి.

అడుగు 5: నూనె, ముల్లు. పై నాలుగింటికీ కదలని గట్టి పెచ్చు రాగి, కంచు నాణేల మీద ఉంటేనే ఇది. నాణేన్ని లిక్విడ్ పారాఫిన్‌లో ముంచి మూత పెట్టండి. వారానికి ఒకసారి తీసి, భూతద్దం కింద, పెచ్చు అంచు దగ్గర వెదురు పుల్లతోనో తుమ్మ ముల్లుతోనో నెమ్మదిగా కదపండి. పుల్లను నాణెం మీదికి నొక్కకండి, పక్కవాటుగా నెట్టండి. ఊడితే సరే, ఊడకపోతే మళ్లీ నూనెలోకి. నూనె ఆకుపచ్చగా మారితే మార్చండి. నెలా రెండు నెలలు పట్టవచ్చు, తొందరపడాల్సిన పని కాదు.

ఆలివ్ నూనె వాడమని చాలాచోట్ల చెబుతారు. అందులో కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, అవే పెచ్చును మెత్తబరుస్తాయి, అవే కింద ఉన్న మంచి పొరనూ కొంత తింటాయి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె అంతకంటే ఇబ్బంది, ఆరేకొద్దీ బంకలా గట్టిపడతాయి. లిక్విడ్ పారాఫిన్‌కు ఈ రెండు దోషాలూ లేవు. పని కాగానే అడుగు 3, తర్వాత అడుగు 4 మళ్లీ చేసి నూనె పూర్తిగా వదిలించాలి.

అడుగు 6: ఆరబెట్టడం. నూలు గుడ్డ మీద పెట్టి, పైన ఇంకో గుడ్డ వేసి అద్దండి. తుడవకండి. తర్వాత టేబుల్ లైటు కింద ఒక అడుగు దూరంలో రెండు గంటలు. చిల్లు కానీ చిల్లు అంచులోనూ, రూపాయి అంచు పళ్లలోనూ తడి మిగిలిపోతుంది, అక్కడ ప్రత్యేకంగా చూడండి. పొయ్యి మీద, ఇస్త్రీ పెట్టెతో వేడి చేయవద్దు, రంగు మారిపోతుంది.

5. పూజ గది నాణేలు

పసుపు, కుంకుమ, నెయ్యి, దీపపు మసి కలిసి ఏళ్ల తరబడి పేరుకుంటే మామూలు నీళ్లకు కదలదు. పసుపులో రంగునిచ్చే పదార్థం నీళ్లలో దాదాపు కరగదు, అసిటోన్‌లో, స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే ఇక్కడ వరుస కాస్త మారుతుంది.

ముందు గోరువెచ్చని సబ్బు నీటిలో అరగంట. ఇది నెయ్యి, నూనె తీస్తుంది. డిస్టిల్డ్ నీటితో కడిగి ఆరబెట్టాక అసిటోన్‌లో పదిహేను నిమిషాలు. ద్రవం పసుపు రంగుకు తిరిగితే మార్చి ఇంకోసారి. మిగిలినదాన్ని తడి దూది పుల్ల దొర్లించి తీయండి. మైనం అంటుకుని ఉంటే అసిటోన్ కరిగించలేదు, సుమారు 65 డిగ్రీల వేడి డిస్టిల్డ్ నీటిలో రెండు నిమిషాలు ఉంచితే కరిగి పైకి తేలుతుంది.

రాగి నాణెం మీద మైనం లాంటి ఆకుపచ్చ జిడ్డు కనిపిస్తే భయపడకండి. నూనెలోని ఆమ్లం రాగితో కలిసి అలా తయారవుతుంది. సబ్బు, అసిటోన్ తర్వాత వెదురు పుల్లతో సులువుగా లేచిపోతుంది. అది పోయాక కింద కాస్త గరుకుగా కనిపిస్తే, ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది, రుద్దితే పెరుగుతుందే గానీ తగ్గదు.

నిత్యపూజలో ఉన్న నాణేలను నూనె పడని చోట పెట్టి, నెలకోసారి పొడి బ్రష్‌తో ఊడ్చండి. విలువైన పాత రూపాయి పూజలో ఉంటే దాన్ని చిన్న గాజు మూత డబ్బాలో పెట్టి, పసుపు కుంకుమలు డబ్బాకే అద్దండి.

గొలుసుకు కట్టుకోవడానికి కొక్కెం అతికించిన నాణేలు, కాసుల పేరు నుంచి ఊడినవి వేరే లెక్క. అతుకు కోసం వాడిన టంకం వేరే లోహం, లక్క ఉంటే అది స్పిరిట్‌లో కరిగిపోతుంది. వాటికి సబ్బు నీళ్ల దగ్గరే ఆపండి. కొక్కెం మీరు కోయకండి.

6. ఏటి నాణేలు

రైలు రాజమహేంద్రవరం వంతెన మీదికి రాగానే గోదావరిలోకి చిల్లర విసిరే అలవాటు మన వాళ్లకు ఉన్నదే. అలా నీళ్లలో ఏళ్లు ఉన్నవాటి మీద ఇసుక, సున్నం కలిసి రాయిలా కడుతుంది. నానబెట్టే కాలం ఇక్కడ ఎక్కువ: డిస్టిల్డ్ నీటిలో రెండు మూడు వారాలు, వారానికి రెండుసార్లు నీళ్లు మార్పు. తర్వాత నూనె, ముల్లు పద్ధతి. సున్నం కదా అని నిమ్మరసం, వెనిగర్ వేస్తే సున్నం కరుగుతుంది, దాని వెనకే రాగీ కరుగుతుంది. బొమ్మ తేలకపోతే నాణెం లోపలి దాకా తినేసిందని అర్థం, అక్కడితో వదిలేయడమే.

7. నల్లబడిన వెండి

సమంగా నల్లబడిన వెండి రూపాయిని ముట్టుకోకండి. అది సల్ఫైడ్ పొర, అందులో కొంత వెండి కూడా ఉంది. పొరను రుద్ది తీస్తే ఆ వెండీ పోతుంది. అరిగిన మామూలు రూపాయి బొమ్మ కనబడనంత మసి నలుపు ఎక్కి, దాన్ని కేవలం ఇంట్లో ఉంచుకోవడానికే అయితే ఒక పద్ధతి ఉంది.

గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, 250 మి.లీ. వేడి డిస్టిల్డ్ నీళ్లు, ఒక టేబుల్ స్పూను వంట సోడా కలపండి. నాణెం ఫాయిల్‌కు తగిలేలా పెట్టండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టు, కిటికీ తెరవండి. ముప్పై సెకన్లకొకసారి తీసి చూసి తిప్పండి. కొంచెం నలుపు మిగిలి ఉండగానే, రెండు నిమిషాల లోపే ఆపేయండి. డిస్టిల్డ్ నీటిలో మూడుసార్లు కడిగి ఆరబెట్టండి. చదునుగా, పాలిపోయిన తెల్లగా మారుతుందని ముందే తెలుసుకుని చేయండి, ఆ రూపు తిరిగి సహజంగా మారడానికి ఏళ్లు పడుతుంది. సగం వెండి మాత్రమే ఉన్న 1940-45 రూపాయలకు ఇది వద్దు, రాగి వల్ల మచ్చలు పడతాయి.

షాపుల్లో దొరికే వెండి డిప్ ద్రవాలు ఆమ్లంతో పనిచేస్తాయి, రెండు సెకన్లు ఎక్కువైనా మెరుపు చచ్చిపోతుంది. టూత్‌పేస్టు, విభూతి, ఇటుక పొడి అన్నీ గరుకు పదార్థాలు. భూతద్దంలో చూస్తే ఒకే వైపుకు సాగిన సన్నటి వెంట్రుక గీతలు కనిపిస్తాయి, కొనేవారు మొట్టమొదట వెతికేది వాటినే.

8. లేత ఆకుపచ్చ పొడి: ఇది మాత్రం తీయాల్సిందే

ముదురాకుపచ్చగా, నున్నగా, గట్టిగా ఉన్న చిలుము నాణేనికి హాని చేయదు. లేత ఆకుపచ్చగా, ముగ్గుపిండిలా రాలే చిన్న చుక్కలు మాత్రం బ్రాంజ్ డిసీజ్. ఉప్పులోని క్లోరైడ్ రాగిలో చేరి, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తింటూ పోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో, చెమట చేతులు తగిలిన నాణేల్లో ఇది ఎక్కువ.

పరీక్ష. చుక్కను టూత్‌పిక్‌తో గీకి తీయండి. తడి చేసిన దూది ఉన్న మూత డబ్బాలో, దూదికి తగలకుండా నాణేన్ని 24 నుంచి 48 గంటలు పెట్టండి. అదే గుంటలో లేత పచ్చ మళ్లీ మొలిస్తే అదే జబ్బు.

మందు.

1. ఈ నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. వాడిన పుల్లలు, దూది పారేయండి.
2. గుంటల్లోని పొడిని ముల్లుతో పూర్తిగా తీయండి. ఆ పొడి ఊదకండి, పీల్చకండి.
3. అసిటోన్‌లో జిడ్డు వదిలించండి.
4. ఒక లీటరు డిస్టిల్డ్ నీటిలో 24 గ్రాముల సోడా యాష్, 19 గ్రాముల వంట సోడా కరిగించండి. సోడా యాష్ అంటే నీటి అంశం లేని సోడియం కార్బొనేట్ పొడి. పలుకులుగా ఉండే బట్టల సోడా అయితే అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి సుమారు 65 గ్రాములు కావాలి.
5. నాణేన్ని అందులో ముంచి వారానికోసారి ద్రావణం మార్చండి. నాలుగు వారాలు కనీసం, ముదిరినదైతే కొన్ని నెలలు.
6. తర్వాత రెండు వారాలు డిస్టిల్డ్ నీటిలో, రోజు విడిచి రోజు మారుస్తూ.
7. ఆరబెట్టి మళ్లీ తడి డబ్బా పరీక్ష చేయండి.

ఈ సోడా స్నానం ప్యాటినా రంగును కొంత మార్చవచ్చు. విలువైన నాణెమైతే ఇంట్లో చేయకుండా, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న పొడి డబ్బాలో పెట్టి, నాణేల పరిరక్షణ తెలిసినవారికి ఇవ్వండి. పొడిగా ఉన్నంత కాలం జబ్బు నిద్రపోతుంది.

9. జరిగిపోయిన పొరపాట్లకు ఏం చేయాలి

చింతపండు, నిమ్మ వాడేశారు, నాణెం గులాబీ రంగుకు వచ్చింది. పులుపు ఇంకా సందుల్లో ఉంటుంది. వెంటనే డిస్టిల్డ్ నీటిలో మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ. తర్వాత అసిటోన్, ఆరబెట్టడం. ఆపై పొడి గదిలో కాగితం కవరు లేకుండా వదిలేయండి, నెలల్లో గోధుమ రంగు తిరిగి వస్తుంది. గంధకంతో, కోడిగుడ్డుతో కృత్రిమంగా నల్లబరచకండి, ఆ రంగు పైపైన అతుకులుగా ఉండి పట్టుబడుతుంది.

ఆరాక తెల్ల మచ్చలు. కుళాయి నీటి సున్నం. డిస్టిల్డ్ నీటిలో ఒకటి రెండు రోజులు.

మెరిసే పలుచని పొర, ఇంద్రధనుస్సు రంగులు. కొత్తగా కనిపిస్తే అసిటోన్ రెండో ముంచు చాలలేదు, తాజా అసిటోన్‌లో మళ్లీ. ఎప్పటి నుంచో ఉంటే అది సహజమైన టోనింగ్, వదిలేయండి.

నాణేలన్నీ ఒకే గిన్నెలో కలిపి కుదిపారు, గీతలు పడ్డాయి. గీతకు మందు లేదు. పాలిష్ చేస్తే గీత పోదు, చుట్టూ ఉన్న బొమ్మ పోతుంది. కళ్లజోళ్లకు వాడే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేసినా నాణేలు ఒకదానికొకటి కొట్టుకుని ఇదే జరుగుతుంది.

బ్యాటరీ తీగలతో ఉప్పునీటిలో కరెంటు పెట్టారు. ఉప్పులోని క్లోరైడ్ లోపలికి వెళ్లి ఉంటుంది. ఎనిమిదో భాగంలో చెప్పిన స్నానాలు చేయండి, ఇంకోసారి ఆ పద్ధతి జోలికి పోకండి.

10. దాచడం

శుభ్రం చేసిన నాణెం మీద రక్షణ పొర తగ్గి ఉంటుంది, కాబట్టి చెడ్డ కవరులో పెడితే ముందు కంటే త్వరగా పాడవుతుంది.

- కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చే మెత్తని పీవీసీ ఆల్బమ్ పేజీలు వద్దు. కొన్నేళ్లకు పచ్చటి జిగట కారుస్తాయి. పాలీప్రొపిలీన్, మైలార్ రకం అని అడిగి కొనండి.
- అట్ట హోల్డర్లు వాడితే పిన్నుల కొనలు పటకారుతో చదును చేయండి. ఒకదాని పిన్ను పక్కదాన్ని గీస్తుంది.
- రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు, ఉన్ని గుడ్డ నాణేలకు తగలనివ్వకండి. వెండి నల్లబడుతుంది.
- బట్టల బీరువాలో కలరా ఉండల మధ్య పెట్టకండి. ఆ ఆవిరి నాణెం మీద పొరగా పేరుకుంటుంది.
- మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. రంగు మారే నారింజ రకం కొంటే తేమ ఎక్కినప్పుడు తెలుస్తుంది. తేమ 40 శాతం లోపు ఉంటే రాగి నిశ్చింత.
- ఏ నాణేనికి ఏ తేదీన ఏం చేశారో చీటీ రాసి హోల్డర్ వెనక పెట్టండి. తర్వాత కొనేవారికి దాచకుండా చెప్పాల్సింది కూడా అదే.
- మొదటి నెలలో వారానికోసారి, తర్వాత ఆరు నెలలకోసారి భూతద్దంతో చూడండి. వానాకాలం అయిపోగానే ఒకసారి తప్పనిసరి. లేత పచ్చ చుక్క ఒక్కటి కనబడినా ఆ నాణేన్ని అదే రోజు వేరు చేయండి.